గారడివాని చేతిలో జోస్యపు ముక్క

సింగరాయకొండ పేరులోనే నరసింహుడున్నాడు. మదరాసు నుండి కలకత్తా పోయే రాజమార్గం మీద, ఒంగోలుకు దక్షిణంగా, రైలుకట్ట పక్కన వున్న ఆ ఊరి కొండమీద వరాహలక్ష్మీనరసింహస్వామి వెలసి వున్నాడు. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడేదాకా ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలోనిది. 1972లో ఆ కొత్త జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. తూర్పున పాకల సముద్రతీరం, పడమట కందుకూరు దారిలో పొగాకు చేలు, మిరప తోటలు. తిరునాళ్లకు అటు పల్లెకారులూ ఇటు రైతులూ కలిసి వస్తారు. అటువంటి ఒక తిరునాళ్లలో, కొన్నేళ్ల క్రితం, నేనొక గారడీ ప్రదర్శన చూశాను.

పాములబుట్ట, పుర్రె, డోలు వంటి పాత సరంజామా ఏదీ అతని వద్ద లేదు. చదువుకున్నవాడు, పంటలాం చొక్కా వేసుకున్న యువకుడు. చిలకజోస్యం చెప్పేవారి దగ్గర వుండే బొమ్మల ముక్కల దొంతర ఒకటి సంపాదించి తెచ్చుకున్నాడు. చిలుక మాత్రం లేదు. ఒక వెదురుగడకు అంటించిన కవరు వేలాడగట్టి, గుంపులోనుంచి తలగుడ్డ చుట్టుకున్న ఒక రైతును పిలిచి, ముక్కలు చేపలా పరచి, ఒకటి తీయమన్నాడు. రైతు తీసిన ముక్క మీద లక్ష్మీదేవి. కవరు చింపి చూస్తే లోపలి కాగితం మీద వ్రాసి వున్నదీ లక్ష్మీదేవే. జనం ఈలలు వేశారు, చిల్లర విసిరారు. ఆట ముగిసింది.

జనమంతా పలుచబడిన తరువాత ఆ రైతు మళ్లీ వచ్చాడు. ఆట జరుగుతున్నంతసేపూ "అయ్యా" అని పలికినవాడు ఇప్పుడు "సామీ" అన్నాడు. "సామీ, రెండెకరాలు కౌలుకు పట్టాను. ఈ యేడు మిరప వెయ్యమంటారా, పొగాకే వెయ్యమంటారా?"

ఆ ప్రశ్న విన్న క్షణాన నవ్వు వచ్చిందేమో గాని, మరు క్షణానికి రాలేదు. మిరపకు నారు మొదలు కోతకూలి దాకా పెట్టుబడి విపరీతం. 2021లో నల్ల తామరపురుగు విరుచుకుపడి మిరప పూతను పూతగానే మాడ్చివేసిన సంగతి ఆ సీమలో యెవరూ మరచిపోలేదు. పొగాకుకు బ్యారన్ కావాలి, బోర్డువారి అనుమతి కావాలి, వేలంలో ధర పలకాలి. ఒక్క మాట పొరపాటయితే కౌలుదారుడు రెండు మూడేళ్లు తేరుకోలేడు. ఆ ఒక్క మాటకోసం అతడు గారడివాని ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

గారడివాడు జోస్యపు పరికరాన్ని చేతబట్టవచ్చునా అన్న ప్రశ్న నాకు ఆనాడు కలిగింది. పాశ్చాత్య దేశాల ఇంద్రజాలికులలో ఇదే వాదం టారో ముక్కలను గురించి వున్నది. వట్టి పేకముక్క కంటె టారో ముక్క చూపరి మనస్సును త్వరగా పట్టుకుంటుంది గనుక వాడుకుందామని ఒక పక్షం. ఆ ముక్కను నమ్మినవాడి నమ్మకంతో ఆడుకోవడం అన్యాయమని మరొక పక్షం. నమ్మకమున్నవారిలోనూ కొందరు, అవి పవిత్రమైనవి గనుక ఆటకు వాడరాదంటారు. తమాషా ఏమంటే, ఈ రెండు పక్షాలవారూ ఆ ముక్కలు పుట్టుకతోనే జోస్యానికి పుట్టినట్టు మాట్లాడతారు. చరిత్ర అట్లా చెప్పడం లేదు.

టారో పుట్టినది 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో. 1440 ప్రాంతాలనుండి ఫ్లారెన్సు, ఫెరారా పట్టణాల పద్దులలో 'ట్రియోన్ఫీ' అనే ముక్కల ప్రసక్తి కనిపిస్తుంది. ప్రభువుల ఇళ్లలో బంగారు రేకు అంటించి చిత్రకారుల చేత వ్రాయించుకున్న ఆటముక్కలవి. మొత్తం 78, అందులో 22 తురుపులు. మూడు వందల యేళ్లకు పైగా ఇటలీలో, ఫ్రాన్సులో, జర్మను దేశాలలో జనం వాటితో పందాలు వేసుకొని ఆడుకున్నారు. ఇప్పటికీ ఫ్రాన్సులో, ఆస్ట్రియాలో ఆడుకుంటున్నారు. 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు, ఇవి ఆటముక్కలు కావు, ఈజిప్టు పూజారులు దాచిపెట్టిన జ్ఞానగ్రంథపు పుటలు అని వ్రాశాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియన్ చదవగలిగింది 1822లో. అంటే జెబెలాఁ వ్రాసిననాటికి ఆ లిపిలో ఒక్క అక్షరం చదవగలిగినవాడు భూమి మీద లేడు. అయినా ఆ మాట నిలిచిపోయింది. కొద్ది యేళ్లలోనే ఎటెయ్యా అనే పేరుతో ఒకాయన ఆ ముక్కలతో భవిష్యత్తు చెప్పే విధానాన్ని అచ్చువేసి, అదే వృత్తిగా చేసుకున్నాడు. నేడు లోకమంతా వాడే బొమ్మలు పామెలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి వ్రాయగా 1909లో లండనులో వెలువడ్డవి. హైదరాబాదులో, విశాఖపట్నంలో టారో చెప్పేవారి ముందున్న ముక్కలు కూడ చాలావరకు వాటి సంతతే.

మన దేశంలో ముక్కల ఆట వేరొక దారిన నడిచింది. బాబరు తన స్మృతులలో 1527లో గంజీఫా ముక్కలను సింధు ప్రభువుకు పంపినట్టు వ్రాసుకున్నాడు. ఆ గుండ్రని ముక్కలు దక్షిణాదికి వచ్చి, మొగలు కొలువులోని ఎనిమిది రంగులు పోయి, దశావతారాలు పది రంగులయ్యాయి. రంగుకు పన్నెండు చొప్పున నూట ఇరవై ముక్కలు. మన నిర్మలలోనూ, కర్నూలు సీమలోని నొస్సంలోనూ చిత్రకారులు వాటిని చేతితో వ్రాసేవారు. మత్స్యావతారం ముక్కతో కూర్మావతారం ముక్కను కొట్టడంలో యెవరికీ అపచారం తోచలేదు. ఆ ముక్క చూసి రేపటి సంగతి చెప్పమని అడగవలెనన్న ఆలోచనా తోచలేదు. దేవుడి బొమ్మ వున్నంత మాత్రాన ముక్క జోస్యం చెప్పదు. చెప్పించేవాడొకడు కావాలి.

చిలకజోస్యంలో ఆ చెప్పించేవాడు పంజరం వెనుక కూర్చుంటాడు. చిలుక తలుపు దాటి వచ్చి, దొంతరలోనుంచి ఒక్కొక్క ముక్కనే ముక్కుతో లాగి పక్కకు పడవేస్తూ పోతుంది. యజమాని వేలు కదిపినప్పుడో, గింజ చూపినప్పుడో ఆగుతుంది. చిలుకకు తెలిసినది గింజ. ముక్క వచ్చిన తరువాత చెప్పే మాటలు కూడ యెవరికైనా అతికేవే. 'నీవు పదిమందికి మేలు చేస్తావు, నీకు పేరు రాదు. చేతికి డబ్బు వస్తుంది, నిలువదు' అంటే, కాదనేవాడు యెవడు? 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికను ఆచార్యుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు, యెవరి స్వభావ వర్ణన వారికి ఇస్తున్నానని చెప్పి, అందరికీ ఒకే కాగితం పంచాడు. అందులోని వాక్యాలలో చాలాభాగం అంగడిలో దొరికే జ్యోతిషపు పుస్తకంలోనివి. మాకు సరిగా సరిపోయిందని వారు అయిదుకు సగటున నాలుగుకు పైగా మార్కులు వేశారు. కళాశాల విద్యార్థుల సంగతే అది. (చిలుక సంగతి వచ్చింది గనుక ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను పట్టి పంజరంలో పెట్టడం నేరం. సింగరాయకొండ యువకుడు ముక్కలు తెచ్చుకొని చిలుకను తెచ్చుకోకపోవడం అందుకేనని అతడే నాకు చెప్పాడు.)

ఇక గారడికీ నిజానికీ మధ్య గీత యెక్కడ గీయాలన్న చిక్కు మన సాహిత్యానికి కొత్తది కాదు. దండి పేరిట వున్న దశకుమారచరితం పూర్వపీఠికలో విద్యేశ్వరుడనే ఐంద్రజాలికుడున్నాడు. మాళవరాజు కొలువులో అతడు పింఛం తిప్పి పడగలెత్తిన పాములను చూపుతాడు, వాటిని తన్నుకుపోయే గ్రద్దలను చూపుతాడు. ఆపైన నరసింహుడు హిరణ్యకశిపుని చీల్చడం చూపుతాడు. చివరకు, ఆట శుభంతో ముగియాలి గనుక మీ కూతురి వంటి కన్యకు ఒక రాజకుమారునితో పెండ్లి చూపుతానంటాడు. రాజు సరేనంటాడు. అగ్నిసాక్షిగా పెండ్లి జరుగుతుంది. అప్పుడు విద్యేశ్వరుడు, ఇంద్రజాలపు మనుషులంతా తొలగిపోండని గట్టిగా అరుస్తాడు. మాయామానుషులు మాయమవుతారు. రాజవాహనుడూ అవంతిసుందరీ కూడ మాయామానుషులలాగానే తప్పుకొని అంతఃపురంలోకి పోతారు. పెండ్లి మాత్రం నిజమైనదే. గారడి అనుకొని రాజు బహుమానమిచ్చి పంపించాడు.

పదమూడవ శతాబ్దంలో కేతన ఈ దశకుమారచరితాన్ని తెనిగించి, నెల్లూరి మనుమసిద్ధి కొలువులోని తిక్కనకు అంకితమిచ్చాడు. కథను ప్రణయకథగా చదివితే విద్యేశ్వరుని మెచ్చుకుంటాము. రాజు వైపునుంచి చదివితే మాత్రం భయం వేస్తుంది. ఆటలో జరిగినది ఆటతో పోతుందని నమ్మి చూపరి కూర్చుంటాడు. ఆ నమ్మకాన్నే ఐంద్రజాలికుడు వాడుకున్నాడు. సింగరాయకొండ రైతు విషయంలో ఇది తలక్రిందులయింది: అక్కడ జరిగినదంతా ఆటే, రైతు దానిని నిజమనుకొని ఇంటికి పట్టుకుపోబోయాడు.

మన దేశంలో ఐంద్రజాలికులందరూ ఆట ఆటే అని చెప్పినవారు కారు. విప్రవినోదులనే తెగ ఒకటి వుండేది. బ్రాహ్మణ కుటుంబాలలో, పెండ్లిండ్లలో, అగ్రహారాలలో గారడీలు చూపి సంభావన పుచ్చుకొనేవారు. ఎడ్గర్ థర్స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో వారికొక చోటున్నది. అంతకు మూడు నాలుగు వందల యేళ్ల ముందే, విజయనగర కాలపు శాసనాలలో, తమకు గ్రామాలనుండి రావలసిన రాబడిని విప్రవినోదులు దేవాలయాలకు ధారపోసిన సంగతి చెక్కబడి వున్నది. అంటే ఆనాటికి అది గ్రామాలు ఒప్పుకొన్న వృత్తి, ఆదాయమున్న వృత్తి. వారి విద్య హస్తలాఘవమా, దేవతోపాసనా ఫలమా అని అడిగితే చూసినవారు రెండవదే అనేవారు. చూపినవారు ఆ మాటను కాదనే అవసరం చూడలేదు. వారిని నేను మోసగాండ్రనలేను. అడగనిదానికి జవాబు చెప్పలేదు, అంతే. కాని సంభావన పళ్లెంలో పడిన రూకలలో కొన్ని విద్యకు, కొన్ని దేవతకు పడ్డాయి. ఏది దేనికో యెవరూ వేరుచేయలేదు.

ఇందుకు పూర్తిగా భిన్నమైన ఉదాహరణ మన యక్షగానంలో వున్నది. ఎరుకలసాని రంగం మీదకు వచ్చి, బుట్ట దింపి, నాయిక చేయి చూసి సోది చెబుతుంది. వేంకటాచల మహాత్మ్యంలో శ్రీనివాసుడే ఎరుకత వేషం వేసి ఆకాశరాజు పట్టపుదేవికి సోది చెప్పిన కథ అందరికీ తెలిసినదే. అక్కడ చెప్పినది జరుగుతుంది, యెందుకంటే చెప్పినవాడే జరిపించేవాడు. కొరవంజి అన్న పేరుతో ఈ సోది ఘట్టం ఒక నాటక ప్రక్రియగానే పెరిగింది. సోది పరికరాలన్నీ, బుట్టా, కర్రా, కులదేవతల ప్రార్థనా, రంగం మీదకు వస్తాయి. కాని చూపరులలో యెవరూ లేచి, అమ్మా నా సంగతీ చెప్పమని అడగరు. ముందు వినాయక స్తుతి అయింది, సూత్రధారుడు వచ్చి పాత్రను పరిచయం చేశాడు, వేషధారి పక్కవీధిలోని మొగవాడని అందరికీ తెలుసు. సోది చుట్టూ నాటకమనే గట్టు కట్టి వున్నది.

ఆ గట్టు యెప్పుడూ తెగదని నేననను. చాలాకాలం కిందట మేమొక శ్రవ్యనాటకంలో సోదెమ్మ పాత్రను ప్రవేశపెట్టాము. వారం తిరగకుండా ఒక శ్రోత వద్దనుంచి ఉత్తరం వచ్చింది. నాటకం బాగున్నదనో బాగులేదనో కాదు. ఆ సోదెమ్మ గొంతులో సత్యమున్నదట, ఆమె చిరునామా కావాలట. ఇంట్లోనుంచి వెళ్లిపోయిన కొడుకు సంగతి అడగవలసి వున్నదట. ఆ పాత్ర ధరించినది ఒక బడిపంతులమ్మ. ఉత్తరం ఆమెకు చూపిస్తే చదివి మడిచి నా చేతికిచ్చి, "మీరే ఏదైనా వ్రాయండి" అన్నది. నేను నాలుగు చిత్తులు వ్రాసి చింపి, అయిదవది పంపాను. అది నాటకమనీ, ఆమె నటి అనీ చెప్పడానికి రెండు పంక్తులు చాలు. మిగిలిన కాగితం మీద ఏమి వ్రాయాలో తెలియకనే నాలుగు చిత్తులు పోయినవి.

కాదని స్పష్టంగా చెప్పినా నమ్మేవారుంటారు. 1865లో ఇంగ్లండులో మాస్కెలిన్, డావెన్‌పోర్టు సోదరుల ఆత్మల అలమారా ఆటను తాను ఏ ఆత్మ సాయమూ లేకుండా చేసి చూపాడు. అతని తరువాతి తరంలో హుడీనీ, 1920 దశకంలో తన చివరి యేళ్లను ఆత్మలను పిలిచేవారి గుట్టు బయటపెట్టడానికి వినియోగించాడు. ఆయన స్నేహితుడు, షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్, ఆత్మవాది. 1922లో డాయిల్ భార్య హుడీనీ తల్లి ఆత్మ పలికినట్టుగా పుటలకొద్దీ ఇంగ్లీషులో వ్రాసి ఇచ్చింది. హుడీనీ తల్లికి ఇంగ్లీషు రాదు. స్నేహం అక్కడినుంచి చెడింది. అయినా డాయిల్ చివరి దాకా, హుడీనీకి నిజంగానే దివ్యశక్తులున్నవనీ, అతడే దాస్తున్నాడనీ నమ్మాడు. చేసినవాడు కాదంటున్నా చూసినవాడు అవునన్నాడు.

మన ఆంధ్రదేశంలోనూ గారడీని జోస్యానికి ఎదురు నిలిపినవారు వున్నారు. గోరా 1940లో ముదునూరులో స్థాపించి 1947లో విజయవాడకు మార్చిన నాస్తిక కేంద్రం నిప్పులమీద నడకను ప్రదర్శించి, అందులో మహిమ లేదని చూపింది. 1988లో యేర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి, గాలిలోనుంచి విభూతి తీయడం, కొబ్బరికాయలోనుంచి రక్తం కార్చడం చేసి, వెంటనే అది యెట్లా చేశారో విప్పి చెప్పారు. 2025లో కీర్తిశేషులయిన డాక్టరు బి.వి. పట్టాభిరామ్ ఇంద్రజాలికుడుగా మొదలై, హిప్నాటిజం మీదుగా మనస్తత్వ శాస్త్రానికి వచ్చి, మహిమలుగా చెలామణి అయ్యేవాటి వెనుక మనస్సు యెట్లా పనిచేస్తుందో సభలలో వివరించేవారు. వీరందరి చేతులలోనూ బాబాల, భూతవైద్యుల పరికరాలే వున్నవి. ఆ పరికరాలు ముట్టుకోరాదని నియమం పెడితే వీరి పనే జరగదు. కాబట్టి జోస్యపు ముక్కను గారడివాడు అసలు పట్టరాదన్న వాదాన్ని నేను ఒప్పుకోలేను. నిర్మల చిత్రకారుని ముక్క ఆటకు పుట్టింది. మిలాను ప్రభువుల టారో ఆటకు పుట్టింది. దానిని తిరిగి ఆటలోకి తెచ్చుకోవడం సొంత ఇంటికి తెచ్చుకోవడమే.

అయితే ఆట అని చెప్పడం ఒక పద్ధతి, ఎగతాళి చేయడం మరొకటి. కొందరు ప్రదర్శకులు సోదెమ్మ వేషం వేసి, ఎరుకల యాసను వెక్కిరించి నవ్విస్తారు. సింగరాయకొండనుంచి అదే రైలుకట్ట మీద ఉత్తరంగా పోతే, చీరాల దాటిన తరువాత స్టూవర్టుపురం వస్తుంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసి, హాజరు పట్టీలు పెట్టి, కావలి నీడన వుంచిన సెటిల్మెంటు అది. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోయినది 1952లో. బుట్టలల్లడానికీ పందులు మేపడానికీ తోడు సోది చెప్పడం ఆ ఇండ్లలోని ఆడవారికి గంజి పోసిన పని. వారు చెప్పిన సోదిని నేను నమ్మను. కాని చేటెడు బియ్యం కోసం గడప గడపా తిరిగిన మనిషిని వేలాదిమంది ముందు పరిహసించి, టిక్కెట్టు పెట్టి సంపాదించుకొనే అధికారం కోటు తొడుక్కున్న ఇంద్రజాలికునికి ఎక్కడిదో నాకు తెలియదు. గుట్టు విప్పదలచినవాడు పెద్ద పీఠాల గుట్టు విప్పవచ్చును. టెలివిజనులో కూర్చొని నిమిషానికింత అని పుచ్చుకొనేవారు తక్కువేమీ లేరు.

చూపరికి చేసే హాని విషయంలో నా కొలత ఒక్కటే. ముక్క తీసే మనిషిని అతని బ్రతుకును గురించి అడగనంతవరకు అది ఆట. 'మీరు తీసింది లక్ష్మీదేవి' అనడం ఆట. 'కాబట్టి మీ ఇంట లక్ష్మి నిలుస్తుంది' అన్న మరుక్షణం అతడు జోస్యుడు. ఆ రెండవ వాక్యానికి చప్పట్లు యెక్కువ వస్తాయి. అందుకే చాలామంది దానిని వదులుకోలేరు. మరి ఆ వాక్యం అననివాని వద్దకు కూడ రైతు వస్తే? సింగరాయకొండ యువకుడు దానిని అనలేదు. నేను చెవులారా విన్నాను. ఆ వాక్యాన్ని రైతు తనంతట తానే పూరించుకున్నాడు.

ఆ యువకుడు ఏమి చేశాడో చెప్పి ముగిస్తాను. అతడు రైతును పక్కకు తీసుకుపోయి, సామాను పెట్టె మీద కూర్చోబెట్టాడు. దొంతర తీసి అతని చేతికిచ్చి, అంచులు వేలితో తడిమి చూడమన్నాడు. లక్ష్మీదేవి ముక్క మిగిలినవాటికంటె నూలుపోగంత పొట్టి. మళ్లీ పరచి, మళ్లీ తీయించాడు. మళ్లీ లక్ష్మీదేవే వచ్చింది. "పెద్దాయనా, మీరు తీశారనుకున్నారు గాని, నేనే మీ వేలి కిందకు తోశాను. కవరులో పేరు ఇంటి దగ్గర వ్రాసుకొని వచ్చాను. నాకు తెలిసింది ఇంతే. మిరప సంగతి, పొగాకు సంగతి వ్యవసాయాధికారిని అడగండి" అన్నాడు. తోటివారు చూస్తే కోప్పడే పని అది; వృత్తి రహస్యం.

రైతు ఆ పొట్టి ముక్కను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. నవ్వాడు కూడ. దొంతర సర్ది తిరిగి యిచ్చి, తలగుడ్డ విప్పి భుజాన వేసుకొని, కొంచెం గొంతు తగ్గించి, "అదంతా సరే, బాబూ. నీకు ఏది తోస్తుందో ఆ మాట చెప్పు" అన్నాడు.

ఈసారి "సామీ" అనలేదు.